అగ్నిపర్వతమూ, పాస్‌పోర్టు ఫొటోగ్రాఫరూ

ఆ పొద్దుటి ప్రణాళిక చాలా చిన్నది: ఫలహారం, అగ్నిపర్వతం, పదకొండింటికి తిరుగు బస్సు. కొండ రోజూ పది గంటల ప్రాంతంలో ఒక్కసారి నిప్పులు కక్కి ఊరుకుంటుందని హోటలు మేనేజరు చెప్పాడు. అంటే ఫొటోగ్రాఫరుకి దొరికేది ఒక్కటే అవకాశం.

ఇరవై రెండేళ్ళుగా ఆయన తీసినవన్నీ పాస్‌పోర్టు ఫొటోలే. ముందు గదిలో తగిలించుకోవడానికి ఒక్కటంటే ఒక్క మంచి ఫొటో తీసిపెట్టమని భార్య పెళ్ళయిన నాటి నుంచీ పోరుతూనే ఉంది. ఈసారి బయల్దేరే ముందు గట్టిగా మాట తీసుకుంది.

"మనుషుల జోలికి వెళ్ళకండి. కొండని తీసి వచ్చేయండి," అంది కొండకెదురుగా ఉన్న హోటలు బెంచీ మీద కూర్చుంటూ.

"నాకు మనుషులతో ఏం పని?" అంటూ ఆయన స్టాండు మీద కెమెరా బిగించాడు.

అంతలో ఒక తాతగారు కెమెరాకి అడ్డంగా వచ్చి, ఇటు తిరిగి చూశారు. తప్పుకోమందామని ఫొటోగ్రాఫరు నోరు తెరిస్తే, అలవాటైన మాటే బయటికొచ్చింది. "గడ్డం కొంచెం దించండి." తాతగారు బుద్ధిగా దించారు. వేలు తనంతట తానే నొక్కేసింది.

"ఇక్కడ ఫొటోలు తీస్తున్నారర్రా," అని తాతగారు కేకేశారు. ఆయనతో కలిపి బస్సులో వచ్చినవాళ్ళు నలభై మంది. మిగతావాళ్ళంతా, ఇది హోటలు వాళ్ళ ఏర్పాటే అనుకుని, బిలబిలమంటూ వచ్చేశారు. ఒక్కొక్కరితో వాదించే కన్నా అందరికీ కలిపి ఒకటి తీసి వదిలించుకుందాం అనుకున్నాడు. అక్కడే కొంప మునిగింది. కళ్ళజోళ్ళు తీయించాడు. చెవులు కనబడాలన్నాడు. ఎవరూ నవ్వకూడదన్నాడు. సరదాగా తిరగడానికొచ్చిన జనం పరీక్ష హాల్లోలా బిగుసుకుపోయారు.

భార్య విసవిసా నడిచొచ్చింది. "ఏమన్నాను నేను?"

"ఒక్క నిమిషం. ఆ చివరావిడ కళ్ళు మూసేస్తోంది."

భార్య చివరావిడకేసి చూసింది. పాపం, తమ స్టూడియోలో కౌంటరు చూసుకునేది తనే. "చూడమ్మా, చెవి మీద జుట్టు తియ్యి. మూడు అనేదాకా రెప్ప వెయ్యకు," అంది.

"ఒకటి, రెండు..."

కొండ ఢమాల్న పేలింది. నలభై మందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. మూడు అనడం, కెమెరా క్లిక్కుమనడం జరిగిపోయాయి. దంపతులిద్దరూ తలలు కలిపి ఫొటో చూశారు. నలభై తలల పైన ఎర్రటి నిప్పు గొడుగులా విచ్చుకుని ఉంది. అలాంటి ఫొటో తీయడానికి కొందరు జన్మంతా తిరుగుతారు.

"ఒక్క మొహమూ పడలేదు," అన్నాడు ఆయన.

"తీసేయండి," అంది ఆమె.

మీట నొక్కి కెమెరాలోంచి తీసేశాడు. అందరినీ మళ్ళీ ఇటు తిప్పి ఇంకొకటి కొట్టాడు. ఎనభై కళ్ళు, ఎనభై చెవులు, లెక్కకి సరిపోయాయి. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలివొచ్చింది.

"తీసేశారా?" అంది ఆమె నీరసంగా.

"నువ్వేగా తీసేయమన్నావు."

ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఆత్రంగా రెండో ఫొటోలో కొండ కోసం వెతికాడు. తెల్లటి పొగ దిగి కొండని మొత్తం కప్పేసింది.

తాతగారు తొంగిచూసి మురిసిపోయారు. "నా ముక్క కత్తిరిస్తే వీసాకి పనికొస్తుందా నాయనా?"

ఫొటోగ్రాఫరు నిట్టూర్చాడు. "వస్తుందండీ. వెనకంతా తెల్లగానే ఉంది."