తొమ్మిదో వాక్యానికి తరుగు

తాండూరులో ఒక ఫంక్షన్ హాల్లో ఎమ్మెల్యేగారు మైకు ముందు నిలబడి, ఇకనుంచి తమ నియోజకవర్గంలో నిజం కూడా సమతూకంగా ఉంటుందని ప్రకటించారు. రోడ్లు ఎవరైనా వేస్తారనీ, నిజానికి బ్యాలెన్స్ తెచ్చిన ఘనత మాత్రం తమదేననీ అన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చి మూడో వరసలో కూర్చున్న బాల్‌రాజ్ కూడా కొట్టాడు. ఆ సమతూకమంతా తన ఒక్కడి కోసమేనని అతనికి అప్పటికి తెలీదు.

బాల్‌రాజ్ వికారాబాద్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పుస్తకం తిరిగి రాకపోతే ఇంటికెళ్ళి మరీ అడిగే రకం. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాస్తున్నాడు. అక్కడ ఆధారం లేకుండా ఒక్క ముక్క రాయకూడదు, ఎవరి పక్షమూ పట్టకూడదు. ఈ రెండు నియమాలనూ అతను షుగరు మాత్రల కంటే శ్రద్ధగా పాటిస్తాడని భార్య రాధమ్మ అంటుంది.

అతను రాసిన వాటిలో అనసూయ ఆయిల్స్ మీద ఒక పేజీ ఉంది. ఒక్క గానుగతో మొదలై మూడు రాష్ట్రాలకు వంటనూనె అమ్మే స్థాయికి ఎదిగిన తాండూరు కుటుంబం కంపెనీ అది. యజమాని రామచందర్ సేటు. అనసూయమ్మ ఆయన తల్లి. పేజీలో తొమ్మిది వాక్యాలున్నాయి. ఎనిమిదింటిలో గానుగ, తాతగారు, టన్నులు, అవార్డులు. తొమ్మిదోది మాత్రం ఇది: "మిల్లు వదిలే మురుగునీటితో కొత్తకుంట బావులు చెడిపోయాయని గ్రామస్థులు ఫిర్యాదు చేశారు."

కొత్తకుంట బాల్‌రాజ్ అక్క గోవిందమ్మ ఊరు. సీసాలో బావినీళ్ళు పట్టుకుని ఆమె రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి కాలుష్యం చూసే ఆఫీసరు ఫోన్‌లో వెతికి, "నెట్‌ల ఎక్కడ లేదు గదమ్మా. ఉంటే చెప్పు, వచ్చి చూస్త" అన్నాడు. ఆమె వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"తమ్మీ, నువ్వు నెట్‌ల రాస్తవంట గదా. మా బాయి సంగతి జర రాయి. బర్లు గూడ మూతి పెడ్తలేవు."

బాల్‌రాజ్ రాశాడు. ఆఫీసరు చదివి, మాట మీద నిలబడి, శుక్రవారం తనిఖీకి వస్తానన్నాడు. అప్పటిదాకా ఆ వాక్యం అక్కడ ఉంటే చాలు.

సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యేగారికి సమతూకం గుర్తొచ్చింది. ఆ పేజీని సరిచూడడానికి వెంటనే ఒక కమిటీ పుట్టింది. ఎమ్మెల్యేగారి ప్రతి ఫొటోలో పక్కనుంచి సగం ముఖంతో కనిపించే రాకేష్ దానికి కన్వీనర్. సోమవారం మిల్లు ఆఫీసులో మీటింగు. బాల్‌రాజ్ ప్యాసింజర్ రైల్లో తాండూరు వెళ్ళాడు.

రామచందర్ సేటు నలభై ఏళ్ళుగా మార్కెట్ యార్డులో పల్లీలు, కందులు కొన్న మనిషి. గుప్పెడు గింజలు తీసి, ఊది, కొరికి, తేమకింత తాలుకింత అని తరుగు తీయనిదే సంచి కదలనివ్వడు. రైతు బతిమాలినా తిట్టినా ఆయన ముఖంలో చిరునవ్వు చెరగదు. తొమ్మిదో వాక్యాన్నీ అంతే ఓర్పుతో ప్రింటు తీయించి ముందు పెట్టుకుని, ఒక్కో మాటనూ వేలితో తడిమాడు.

"మాల్ మంచిదే బాల్‌రాజ్ సార్. కాదంటలేను. తేమ జర ఎక్కువున్నది."

"వాక్యంల తేమ ఏంది సేటూ?"

"మురుగు అన్నరు గదా. అది తీసెయ్యండ్రి. వట్టి నీళ్ళు చాలు."

సేటు కొడుకు వినయ్ ఎంబీఏ చదివాడు. "డోంట్ మైండ్ అంకుల్. మురుగు అనేది జడ్జిమెంటల్ వర్డ్. ల్యాబ్ రిపోర్ట్ ఉందా మీ దగ్గర?"

లేదు. ఆ రిపోర్టు కోసమే కదా ఆఫీసరు రావలసింది. కానీ ఇంకెవరైనా ఆధారం లేకుండా ఆ మాట రాసుంటే తానే కొట్టేసేవాడినని బాల్‌రాజ్‌కు తోచింది, ఆ తోచడమే అతన్ని ముంచింది, 'మురుగు' పోయింది. పైగా విజ్ఞాన సర్వస్వం చర్చాపేజీలో ఆ ఉదయమే నలభై రెండు మంది కొత్త సభ్యులు చేరారు. అందరూ మిల్లు ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళే. పదకొండు గంటల టీ బ్రేకులో, కమిటీ ఏం తేల్చిందో చదివే తీరిక లేకపోయినా, నలభై రెండు మందీ "సమ్మతం" అని రాశారు. ప్రజాస్వామ్యం మీద అంత గౌరవం ఉన్న ప్యాకింగ్ సెక్షన్ మరో చోట ఉండదు.

మంగళవారం 'చెడిపోయాయని' అన్న మాటలో తాలు కనిపించింది.

"చెడిపోయినయని ఎవరన్నరు సార్?" అన్నాడు రాకేష్.

"ఊరోళ్ళు. నూట నలభై సంతకాలున్నయి."

"బావులేమన్న అన్నయా?"

"బావులెట్లంటయి రాకేష్?"

"మరి రెండో పక్షం వినకుంట రాస్తే బ్యాలెన్స్ ఏడుంటది సార్?"

సేటు మెత్తగా అడిగాడు. "గవన్నీ వద్దు. బాయిల నీళ్ళున్నయా, లేవా?"

ఉన్నాయి. తోడేవాళ్ళు లేక అంచుదాకా ఉన్నాయి. బాల్‌రాజ్ అబద్ధం చెప్పలేడు. 'చెడిపోయాయని' పోయి 'నిండాయని' వచ్చింది. బుధవారం 'ఫిర్యాదు చేశారు' కాస్తా 'తెలిపారు' అయింది. ఫిర్యాదు అంటే తెలుపుడే కదా అన్నాడు సేటు. రెండు రోజులూ టీ బ్రేకులో నలభై రెండు సమ్మతాలు పడ్డాయి.

ఆ సాయంత్రం గోవిందమ్మ ఫోన్ చేసింది.

"ఉన్నదా తమ్మీ?"

"ఉన్నదక్కా."

"రాసినట్టే ఉన్నదా?"

"జర తరుగు పోయింది."

ఆమె ఏటా అదే సేటుకు కందులు అమ్ముతుంది. "ఎంత మిగిలింది?" అని మాత్రం అడిగింది.

బాల్‌రాజ్ చదివి వినిపించాడు: "మిల్లు వదిలే నీటితో కొత్తకుంట బావులు నిండాయని గ్రామస్థులు తెలిపారు." గోవిందమ్మ ఫోన్ పెట్టేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పుస్తకం పోనివ్వని మనిషికి అక్క ముందు సిగ్గేసింది.

శుక్రవారం తనిఖీ జరగలేదు. పేజీ చూసి ఎమ్మెల్యేగారు కదిలిపోయారు. ఎండిన ఊళ్ళకు నీళ్ళిచ్చే మహానుభావుడు తమ నియోజకవర్గంలోనే ఉండగా తనిఖీ ఏమిటన్నారు. కొత్తకుంట బావి పక్కనే షామియానా వేయించి రామచందర్ సేటుకు 'జలదాత' బిరుదిచ్చారు. వేదిక మీద పదకొండు మంది ప్రముఖులు కూర్చున్నారు. చివరి కుర్చీలో ఆఫీసరు కూడా ఉన్నాడు.

శాలువా కప్పడం అయ్యాక గోవిందమ్మ పళ్ళెంలో పదకొండు గ్లాసులతో వేదిక ఎక్కింది. ఆ పొద్దున తన బావిలోంచి ఆమే తోడింది. నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి, పైన నూనె తెట్టు మెరుస్తోంది.

"ఊరికొచ్చినోళ్ళకు ముందుగాల నీళ్ళియ్యాలె. తాగుండ్రి. మీరిచ్చిన నీళ్ళే సేటూ."

విలేకరులు ఫోన్లు పైకెత్తారు. సేటు అలవాటు కొద్దీ గ్లాసు తీసుకుని, వెలుతురుకు పట్టి, వాసన చూశాడు. తేమ మాట ఎత్తలేదు.

"ఇయ్యాల శుక్రవారం గదమ్మా. నాకు ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దుల నీళ్ళు తాగొచ్చు గదా."

"నీళ్ళు గూడ ముట్టని ఒక్కపొద్దు."

ఎమ్మెల్యేగారు తనకూ అదే ఉపవాసమన్నారు. "సేమ్ ఆంటీ" అన్నాడు వినయ్. రాకేష్ మిర్చి బజ్జీ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని తనకూ ఒక్కపొద్దే అన్నాడు. ఆఫీసరు ఒకసారి ఎమ్మెల్యేగారి వైపు చూసి, తాను చిన్నప్పటినుంచీ చేస్తున్నానన్నాడు. పదకొండు గ్లాసులూ పళ్ళెంలోకి తిరిగొచ్చాయి.

రాకేష్ పంపిన ప్రెస్‌నోట్ మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది: 'జలదాత సభలో పదకొండు మంది ప్రముఖుల కఠోర ఉపవాసం.' బాల్‌రాజ్ ఆ ముక్కను జాగ్రత్తగా కత్తిరించి, ఆధారంగా జతచేసి, పేజీలో పదో వాక్యం రాశాడు.

"ఆ బావినీళ్ళను గ్రామస్థురాలు గోవిందమ్మ అందించిన రోజున, వేదిక మీదున్న పదకొండు మందీ ఉపవాసంలో ఉన్నారు."

సోమవారం కమిటీ కూర్చుంది. సేటు వాక్యం మీద వేలు పెట్టి ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి తడిమాడు. ముఖంలో చిరునవ్వు లేదు.

"ఏం తరుగు తీద్దాం సేటూ?" అన్నాడు రాకేష్.

"ఏది తీస్తవు? అన్నీ మనమన్న మాటలే."

వినయ్ ప్యాకింగ్ సెక్షన్‌కు ఫోన్ చేసి, ఈసారి సమ్మతం రాయొద్దని చెప్పబోయాడు. కానీ అప్పటికే పదకొండు దాటింది. చర్చాపేజీలో నలభై రెండు సమ్మతాలు పడ్డాయి. ఎప్పుడూ చదవకుండా రాసే ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు ఆ రోజు మాత్రం పేజీ మొత్తం చదివి రాశారట. వాళ్ళలో సగం మంది కొత్తకుంట వాళ్ళే.