ముహూర్తానికి ముందే లొంగిపోయినవారు

సంకీర్ణ సేనల భూతల దాడి ఆ తెల్లవారుజామున సకల లాంఛనాలతో ప్రారంభం కావలసి ఉంది. ఫిరంగులు బారులు తీరాయి. ఏ దేశం జెండా ముందుగా సరిహద్దు గట్టు దాటాలన్న వివాదం, అన్నీ ఒకేసారి దాటాలన్న ఒప్పందంతో సామరస్యంగా ముగిసింది. టీవీవాళ్లకు ఎత్తయిన ఇసుకదిబ్బ కేటాయించారు. వాన ఒక్కటే కార్యక్రమంలో లేదు.

అంతలో ఘోరమైన అపచారం జరిగింది. శత్రు సైనికులు కొందరు మాసిన బనియన్లు కర్రలకు కట్టి, మందుపాతరలు తప్పించుకుంటూ నడిచి వచ్చేశారు.

వాళ్లతో మాట్లాడే బాధ్యత దుబాసీ మిష్‌అల్‌ది. సరిహద్దు అవతల జహ్రా పట్టణంలో అతని ఇంటిని ఆక్రమించింది ఈ శత్రు సైన్యమే. ఎదురుపడితే ఏమేం తిట్టాలో నెలల తరబడి తయారుచేసుకున్నాడు. తీరా ఎదురుపడింది బస్రాలో టాక్సీ నడుపుకునే జబ్బార్. చలికి అతని పళ్లు టకటకలాడుతున్నాయి. మిష్‌అల్ తిట్లు మింగి, జేబులోని ఖర్జూరాలు తీసి ఇచ్చాడు.

"లొంగిపోయాం అన్నా. ఎక్కడ కూర్చోమంటావ్?"

సేనాధిపతికి కోపం వచ్చింది. "యుద్ధమే మొదలవలేదు, లొంగిపోవడమేమిటి? ఇన్ని దేశాలు ఇంత దూరం వచ్చింది దేనికి? వెనక్కి వెళ్లి, ప్రారంభమయ్యాక పద్ధతి ప్రకారం రమ్మను!"

మిష్‌అల్ అనువదించాడు. అనువాదంలో ఒక్క దోషం లేదు.

"ఇంకా మొదలవలేదా?" జబ్బార్ ముఖం వెలిగింది. "మంచిదేగా! మొదలెట్టకండి మరి."

ఆ మాటను సేనాధిపతికి చెప్పే ధైర్యం మిష్‌అల్‌కు చాలలేదు. "వెళ్లు తమ్ముడూ," అన్నాడు నేల చూస్తూ.

"నన్ను చూస్తే వెనక్కి వెళ్లేంత ధైర్యవంతుడిలా ఉన్నానా?"

ఓ ట్యాంకు మర్యాదగా తన గొట్టం అటు తిప్పింది. వాళ్లు వెళ్లారు. ఆ తర్వాత కురిసిన ఫిరంగి గుండ్ల వర్షం కన్నులపండువగా ఉందని దిబ్బ మీదివాళ్లు ఏకగ్రీవంగా చెప్పారు.

మిష్‌అల్ మొదటి కందకం చేరేసరికి, బురదలోంచి ఒకడు జబ్బార్‌ను వీపున మోసుకొస్తున్నాడు. జబ్బార్ తల వేలాడిపోయి ఉంది.

"ఇప్పుడు మొదలైనట్టేనా అన్నా? ఇక లొంగొచ్చా?" అని అడిగాడు మోసుకొచ్చినవాడు.

మిష్‌అల్ శవాన్ని దించడానికి చేయి వేశాడు.

సాయంత్రం సేనాధిపతి ప్రసంగించారు. "శత్రువు చివరి క్షణం దాకా మొండిగా పోరాడాడు. అయినా మన వీరులు వెనుదీయలేదు." దీన్ని అరబ్బీలో చదవమంటే మిష్‌అల్ గొంతు పోయిందన్నాడు. చదవడానికి వేరే గొంతు వెంటనే దొరికింది.

ఆ దృశ్యాలను ప్రపంచమంతా కంచాల ముందు కూర్చుని చూసింది. భూతల యుద్ధం నాలుగు రోజులకే ముగిసినప్పుడు, అప్పుడే అయిపోయిందా అని మనలో చాలామందిమి నిరుత్సాహపడ్డాం కూడా.