మింగుడు వేరు, అరుగుడు వేరు

గోదావరిఖనిలో క్షయ అన్న మాటే వినపడకుండా చేస్తానని నర్సింగమన్న పత్రికాముఖంగా ప్రకటించాడు. జబ్బు లేకుండా చేస్తారా, మాట వినపడకుండా చేస్తారా అని ఒక విలేకరి అడిగాడు. "రెండూ ఒక్కటే కదనే," అన్నాడు అన్న. ఇంత స్పష్టత ఉన్న కార్మిక నాయకుడు ఈ బొగ్గు నేల మీద ఇంకొకడు పుట్టలేదని మొగిలికి ఎప్పటినుంచో నమ్మకం.

మొగిలి బొగ్గుబాయిలో టబ్బులు నింపే ఫిల్లరు. డ్యూటీ దిగాక అన్న సభల్లో నినాదాలిచ్చే గొంతు కూడా అతనిదే. ఆ ఎండాకాలం ఆ గొంతులోంచి జిందాబాద్ కంటే దగ్గే ఎక్కువ వచ్చింది. దగ్గితే పడే గల్లను పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఆరు నెలల మందు ఒకే డబ్బాలో, పైన మొగిలి పేరుతో దవాఖానకు వచ్చింది. మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుందని డాక్టర్ సుమైరా గట్టిగా చెప్పింది. భార్య సారవ్వ ఆ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కింది.

అన్న అవగాహన సదస్సు పెట్టించాడు. డాక్టరమ్మ మైకు అందుకుంది.

"మన ఒంట్ల కావలి కణాలుంటయి. పురుగు లోపలికి రాంగనే గుటుక్కున మింగుతయి. దాన్ని అరిగించెటందుకు ఆ కణంలనే యాసిడ్ సంచులుంటయి. కాని టీబీ పురుగు ఆ సంచిని తన జోలికి రానియ్యదు. కావలోని కడుపుల కూసోని, కావలోని తిండే తిని ఏండ్లకేండ్లు బతుకుతది. వాడు నీరసపడ్డనాడు బయటపడతది."

"డాక్టరమ్మా, ఆ పురుగుది ఏ యూనియన్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

హాలంతా గొల్లున నవ్వింది. ఎందుకంటే నర్సింగమన్నను ఇప్పటికి మూడు యూనియన్లు మింగాయి. ఒక్కదానికీ అరగలేదు. క్యాంటీన్ బియ్యం ఏమయ్యాయని వేసిన కమిటీలోనూ ఆయనే సభ్యుడు. ఇంకొకరైతే మండిపడేవారు. అన్న మాత్రం చప్పట్లు కొట్టాడు.

"తెలివిగల్ల పురుగు. గసొంటిదానితోని మాట్లాడుకోవచ్చు," అన్నాడు.

డాక్టరమ్మ సేవలు బెల్లంపల్లికి అత్యవసరమని ఆ వారమే ఆయనకు తోచింది. ఆమె వెళ్లిపోయింది.

ఆ వెంటనే మందు డబ్బాలన్నీ యూనియన్ ఆఫీసు బీరువాలోకి మారాయి. మంత్రిగారు స్వహస్తాలతో పంచుతారట. మంత్రిగారికేమో తీరిక లేదు. ప్రత్యేక రాష్ట్రం రేపో మాపో అంటున్నారు, అప్పటికి ఏ పార్టీలో ఉండాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు.

"అన్నా, నా మందు..." అన్నాడు మొగిలి.

"నా బీరువల ఉన్నదంటే నీ కడుపుల ఉన్నట్టే తమ్మీ. ఫికర్ చెయ్యకు."

మొగిలి ఫికర్ చెయ్యలేదు. సారవ్వ చేసింది. మొగుడు ఎముకల గూడవుతున్నాడని వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని రోడ్డు మీద బైఠాయించింది. దెబ్బకు విచారణ కమిటీ పడింది. రోగుల ప్రతినిధిగా అందులోకి నర్సింగమన్నను తీసుకున్నారు. మందు ఎక్కడుందో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరు మరి!

హైదరాబాదునుంచి విచారణాధికారి దిగాడు. యాసిడ్ అని ఆయనకు పేరు. ఆయన్ను యూనియన్ ఆఫీసులో సరిగ్గా ఆ బీరువాకే వీపు ఆనేటట్టు కుర్చీ వేసి కూర్చోబెట్టి, నాటుకోడి కూర, జొన్నరొట్టె వడ్డించారు.

"బీరువా ఎక్కడ?" అన్నాడు ఆఫీసరు.

"తిన్నంక చూద్దురుగాని సార్."

తిన్నాక నిద్ర వచ్చింది. నిద్ర లేచాక జీపు వచ్చింది. పోతూపోతూ, విచారణ పూర్తయ్యేదాకా బీరువా ఎవరూ తెరవకూడదని సీలు వేయించి పోయాడు.

"మనిషి సస్తుంటే మందుకు తాళమేస్తరా?" అని సారవ్వ నిలదీసింది.

"అది ఇప్పుడు మందు గాదు చెల్లె, సాక్ష్యం," అన్నాడు అన్న.

అలా అంటూనే ఖళ్లున దగ్గాడు. ఆ దగ్గు తగ్గలేదు. గుట్టుగా కరీంనగర్ పోయి పరీక్ష చేయించుకున్నాడు. వచ్చి మొగిలిని చాటుగా పిలిచాడు.

"నాకూ అదే వచ్చింది తమ్మీ. టీబీని ఖతం జేస్తనన్నోనికే టీబీ అంటే జనం నవ్వరా? గందుకని నా టీబీ నీ పేరు మీద ఉండనియ్యి. నీ డబ్బా ఒక్కటి రిలీజ్ జేయించిన. నేను మింగుత."

మొగిలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత పెద్దమనిషి తన పేరు వాడుకోవడమంటే మాటలా!

"మరి నా టీబీ అన్నా?"

"నీది ఎంక్వయిరీల ఉన్నది."

డబ్బా ఖాళీ అయింది. మొగిలి పేరు మీద అన్న ఇచ్చిన గల్లలో పురుగు జాడ లేదు. కొత్త రాష్ట్రం వచ్చింది, కొత్త కండువాతో మంత్రిగారూ వచ్చారు. "క్షయను జయించిన కార్మికుడు మొగిలి!" అని మైకులో పిలిచారు. ఇద్దరు రెక్కలు పట్టి అతణ్ణి వేదిక ఎక్కించారు. శాలువా కప్పి, పూర్తిగా ఫిట్ అని, రేపు ఫస్ట్ షిఫ్టుకు దిగవచ్చని ప్రకటించారు. పక్కనే నర్సింగమన్న బుగ్గలు నిగనిగలాడుతున్నాయి.

"సారూ! మందు మింగినోడు గా పక్కకున్నడు! శాలువ గాయనకు కప్పుండ్రి!" అని సారవ్వ జనంలోంచి గొంతు చించుకుని అరిచింది.

ప్రజల కోరిక మన్నించి మంత్రిగారు అన్నకు కూడా ఒక శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి.

మొగిలిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అతనికి వచ్చినవి రెండే ముక్కలు.

"నర్సింగమన్నా..."

రెండో ముక్క రాలేదు, దగ్గు వచ్చింది. జిందాబాద్ జనమే అనేశారు. మొగిలి శాలువా కొంగుతో నోరు తుడుచుకున్నాడు.

శాలువా ఎర్రది కావడంతో పేపర్లో ఫొటో చక్కగా వచ్చింది.