లోకబంధు ప్రోగ్రాములో చివరి లైను

"ఇక మీదట ఈ శాఖలో ఫైలు నడవదు. ప్రోగ్రాము పరిగెడుతుంది!"

నీటి సరఫరా శాఖామాత్యులు ఈ చారిత్రాత్మక ప్రకటన చేసిన రోజున కుళాయిల్లో నీళ్లు రాలేదు గానీ, సభలో చాలామంది కళ్లల్లో వచ్చాయి. మంత్రిగారు కంప్యూటరును తాకడం అదే మొదటిసారి. తాకిన చేత్తోనే మైకు పట్టుకుని, నెల తిరిగేసరికి శాఖ లెక్కలన్నీ కంప్యూటరు భాషైన పైథాన్‌లో పెట్టాలనీ, సిబ్బంది అంతా అది నేర్చుకోవాలనీ, తాను మాత్రం ముందే నేర్చేసుకున్నట్టు భావించాలనీ ఆదేశించారు.

ఆ ఆదేశం తిరిగి తిరిగి మన డిప్యూటీ డైరెక్టరు నెత్తిన పడింది. "ఎవరు రాస్తారు?" అని అడిగినప్పుడు అందరూ తలలు దించుకున్నారు. ఆయన తుమ్మాడు.

"చూశారా, స్పందించాడు!" అన్నారు మంత్రిగారు. "నువ్వే రాయి. ప్రోగ్రాము ఆడిందా, డైరెక్టరు కుర్చీ నీదే."

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. పాత డైరెక్టరు రిటైరయ్యాక అది ఖాళీగా ఉంది. తోలు కుర్చీ, అయిదు చక్రాలు, కూర్చుంటే కిర్రుమనదు, కుర్రుమనదు. డిప్యూటీ కుర్చీకి చక్రాలు నాలుగే. అయిదోది ఉండాల్సిన చోట శాఖ పాత వార్షిక నివేదికలు ఎత్తు పెట్టారు. ఏళ్ల తరబడి శాఖ సాధించిన ప్రగతి మీదే కూర్చున్నాడాయన. అందుకే కాస్త ఒరిగి ఉండేవాడు. భోజనాల వేళ ఎవరూ చూడకుండా డైరెక్టరు గదిలో దూరి, ఆ తోలు కుర్చీలో అరచుట్టు తిరిగొచ్చేవాడు. పూర్తి చుట్టు ఆర్డరు వచ్చాకే అని ఒట్టు.

సాయంత్రం ఇంటికెళ్లి మరదల్ని శరణుజొచ్చాడు. ఆవిడ కాలేజీలో పగలు పిల్లలకీ, సాయంత్రం పెద్దలకీ ఈ పైథానే చెబుతుంది.

"బావగారూ, లైను చివర కోలన్ పెట్టలేదు."

"ఎన్ని కాలనీలు పెట్టినవాణ్ణి, ఒక్క కోలన్ పెట్టలేనా?" అని పెట్టాడు.

"దాని కింద లైను ముందు నాలుగు ఖాళీలు ఉండాలి."

"మా శాఖలో నలభై ఉన్నాయమ్మా. భర్తీ చెయ్యనివ్వరు."

"చెయ్యకూడదు బావగారూ. ఖాళీగానే వదిలెయ్యాలి."

"అయితే ఇది మా శాఖ కోసమే పుట్టిన భాష!" అని పొంగిపోయాడు డిప్యూటీ.

మర్నాడు ఆఫీసులో లైను ముందు ఖాళీలు మర్చిపోయేసరికి తెర మీద 'ఇండెంటేషన్ ఎర్రర్' అని వచ్చింది. ఆయన బెదరలేదు. ఇండెంటు పెట్టందే పెన్సిలు ముక్క కూడా రాల్చని స్టోర్సు సెక్షనుతో కాపురం చేసినవాడు. "ఖాళీలు నాలుగు, అత్యవసరం" అని మూడు కాపీల్లో ఇండెంటు పంపాడు. "స్టాకు లేదు. ప్రస్తుతానికి రెండు మాత్రమే మంజూరు" అని జవాబొచ్చింది. రెండే పెట్టి చూశాడు. ఆడింది. పొదుపులో మన శాఖని మించిన శాఖ ఉంటే చెప్పండి.

తర్వాత అయిదు బావులకి అయిదు బావులు కలపమంటే కంప్యూటరు యాభై అయిదు అంది.

"అంకెల్ని మాటలనుకుంది బావగారూ. పక్కపక్కన అంటించేసింది."

"వదిలెయ్యమ్మా. సార్‌కి ఈ కూడికే నచ్చుతుంది."

మరదలు వదల్లేదు. సరిచేసింది. యాభై అయిదు బావులూ పదికి పడిపోయేసరికి బావగారు బావురుమన్నాడు.

మొత్తానికి ప్రోగ్రాము తయారైంది. వేసిన కుళాయిలు ఎన్ని, తవ్విన బావులు ఎన్ని, తీర్చిన ఫిర్యాదులు ఎన్ని, వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, అడిగితే చెబుతుంది. డిప్యూటీ దాన్ని ముందుగా మంత్రిగారి పీఏకి చూపించాడు.

పీఏ అంటే మామూలు మనిషి కాదు, వినయం చొక్కా తొడుక్కుని తిరిగినట్టుంటాడు. తలుపు దగ్గర అందర్నీ ముందు పంపి, చివర తను దాటుతాడు. గ్రూపు ఫొటోలో చిట్టచివర, ఒక చెవి పడితే చాలన్నట్టు నిలబడతాడు. ఏ కాగితంలోనైనా తన పేరు అట్టడుగునే. "ఇలాంటి వాడు కోటికొక్కడు" అని మంత్రిగారు మురిసిపోయేవారు.

పీఏ తెరని పైనుంచి కిందిదాకా చదివాడు. "బాగుంది. ఇందులో సార్ పేరెక్కడ?"

"ఇది లెక్కల వ్యవహారం కదండీ. కుళాయిల లెక్కకి 'కుళాయిలు' అని పేరు, బావుల లెక్కకి 'బావులు' అని..."

"కుళాయిలు వేయించిందెవరు?"

"సారే."

"బావులు తవ్వించింది?"

"సారేనండి."

"మరి పేరెవరిది పెట్టాలి?"

మంత్రిగారికి 'లోకబంధు' అని బిరుదు ఉంది. ఇచ్చిన కమిటీకి అధ్యక్షులు కూడా వారే. ఊళ్లో లోకబంధు రోడ్డు, లోకబంధు సర్కిలు, లోకబంధు బస్టాండు, లోకబంధు పార్కు. ఆటో ఎక్కి "లోకబంధుకి పోనీ" అంటే డ్రైవరు తనకి దగ్గరైన లోకబంధు దగ్గర దించేసేవాడు. ఇదేంటయ్యా అంటే "ఇదీ లోకబంధే కదండీ" అనేవాడు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ సాయంత్రానికి డిప్యూటీ అన్ని పేర్లూ మార్చేశాడు. కుళాయిలూ లోకబంధే, బావులూ లోకబంధే, తీరిన ఫిర్యాదులూ తీరనివీ లోకబంధే.

మరదలు చూసి తల పట్టుకుంది. "బావగారూ, పేరంటే డబ్బా మీద అంటించే చీటీ. అన్నిటికీ ఒకటే పేరంటే మీ దగ్గరున్నది ఒకటే డబ్బా. కొత్తది పోసినప్పుడల్లా పాతది పోతుంది. ఆఖర్న ఏది పోస్తే అదే మిగుల్తుంది."

"మరి ఎర్రర్ రాలేదే?"

"ఎందుకొస్తుంది? మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది పాపం."

"చెప్పింది చేసేవాణ్ణి తప్పు పట్టకూడదమ్మా. నేను సర్వీసంతా చేసిందదే."

"అందుకే సర్వీసంతా డిప్యూటీ!" అంది వంటింట్లోంచి భార్య.

ఆవిష్కరణ సభకి విలేకరులంతా వచ్చారు. మంత్రిగారు స్వహస్తాలతో మీట నొక్కారు.

"వేసిన కుళాయిలు?"

నలభై ఒక్కవేలు, అంది తెర. చప్పట్లు.

"తవ్విన బావులు?"

నలభై ఒక్కవేలు. ఇంకా గట్టిగా చప్పట్లు. డిప్యూటీకి ఒళ్లంతా ఊటబావి అయింది. చివర పోసింది వచ్చిన ఫిర్యాదులని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

"తీర్చిన ఫిర్యాదులు?" నలభై ఒక్కవేలు. "వచ్చిన ఫిర్యాదులు?" నలభై ఒక్కవేలు.

ఒక విలేకరి లేచాడు. "అన్నిటికీ ఒకే అంకె ఎలా వచ్చిందండీ?"

పీఏ వెనకనుంచి వంగి మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు.

"మా పాలనలో హెచ్చుతగ్గుల్లేవు!" అని గర్జించారు మంత్రిగారు. "కుళాయికెంతో బావికీ అంతే! ఫిర్యాదులెన్నో పరిష్కారాలూ అన్నే! ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇక నుంచి ఈ ప్రోగ్రాము మాటే నా మాట. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు, నేనైనా సరే!"

మర్నాడు పత్రికలన్నీ ఆ మాటని ఫొటోతో సహా అచ్చేశాయి.

ఇంతలో మంత్రివర్గంలో మార్పులంటూ కబురొచ్చింది. శాఖలో ఏ కుర్చీలో ఎవరుండాలో జాబితా పంపమని పైవారు అడిగారు. జాబితా కూడా ప్రోగ్రామే ఇవ్వాలని మంత్రిగారు ముచ్చటపడ్డారు. పీఏ పక్కన నిలబడి చెప్పాడు, డిప్యూటీ కొట్టాడు. మర్యాద ప్రకారం మొదటి లైను మంత్రి పదవి, అందులో మంత్రిగారు. రెండో లైను డైరెక్టరు పదవి, అందులో డిప్యూటీ. ఆ తర్వాత చీఫ్ ఇంజనీరూ, మిగతావాళ్లూ.

"నాది ఎక్కడో అడుగున పడెయ్యండి" అన్నాడు పీఏ, చేతులు కట్టుకుని. "పేరు మాత్రం మామూలే. అన్నిటికీ లోకబంధే."

మరదలి డబ్బా మాట డిప్యూటీ చెవిలో గింగురుమంది. కానీ కళ్లెదుట రెండో లైనుంది. డైరెక్టరు అనే మాట పక్కన తనే ఉన్నాడు. ఆ లైను చూస్తూ చూస్తూ నోరెలా విప్పుతాడు? మంత్రిగారు తెర చూశారు. ప్రతి లైన్లోనూ తన బిరుదే కనిపించేసరికి కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతో, ప్రోగ్రాము అచ్చేసిచ్చిన జాబితాలో ఏమీ కనబడక సంతకం పెట్టేశారు. పైవారు సంతకం ఒక్కటే చూసి ముద్ర కొట్టేశారు.

ఆర్డరు వచ్చింది. మంత్రి: పీఏ. డైరెక్టరు: పీఏ. చీఫ్ ఇంజనీరు: పీఏ. పీఏ: పీఏ.

పాత మంత్రిగారు లబోదిబోమన్నారు. ఎవరో పేపరు చూపించారు. ప్రోగ్రాము మాటే ఆయన మాట. కారు కూడా కొత్తవారికి వెళ్లిపోవడంతో ఆటో ఎక్కి "లోకబంధు ఇంటికి పోనీ" అన్నారు. బస్టాండు దగ్గర దించాడు.

కొత్త మంత్రిగారు డిప్యూటీని ఆప్యాయంగా పిలిచారు. "డైరెక్టరు పనంతా మీరే చూడండి. కుర్చీలో మాత్రం కూర్చోకండి. ఆర్డర్లో నేనున్నాను." పేర్లు ఏవంటే అవి పెట్టుకోవచ్చనీ, తన పేరు మాత్రం ఎక్కడా పెట్టొద్దనీ కూడా సెలవిచ్చారు. వారి నిరాడంబరతకి పత్రికలు పాదాక్రాంతమై మొదటి పేజీలో పెద్ద ఫొటో వేశాయి.

ఆ ఫొటో చూసి మరదలు ఎగిరిపడింది. "ఈయనా! మా సాయంత్రం క్లాసుకి వచ్చేవాడు బావగారూ. చివరి బెంచీ. ఎప్పుడూ ఏమీ అడక్క, ఒకే ఒక్క డౌటు అడిగాడు."

"ఏమని?"

"ఒకే పేరుకి చాలామందిని రాస్తే చివరికి ఎవరు మిగుల్తారని."

"నువ్వేం చెప్పావు?"

"మీకు చెప్పిందే. మర్నాటినుంచి మానేశాడు."

డిప్యూటీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, స్టోర్సు సెక్షన్లో ఒక్కడికి తప్ప. అదీ ఎవరికీ చెప్పొద్దనే చెప్పాడు. మధ్యాహ్నానికల్లా శాఖ మొత్తం వినయంతో వంగిపోయింది.

కొత్త మంత్రిగారి తొలి సమీక్షా సమావేశం. హాల్లో కుర్చీలు వేశారు, మైకులు పెట్టారు. తలుపు బార్లా తెరిచి ఉంది. వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు.

"మీరు పదండి."

"అబ్బే, మీ వెనకే."

"పెద్దవారు, తమరు ముందు."

"పెద్దవాణ్ణి గనకే చివర వస్తా."

పాత చీఫ్ ఇంజనీరు వంగి బూటు తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆయన వేసుకొచ్చింది చెప్పులు. కొత్త మంత్రిగారు చేతులు జోడించి, "మీరంతా లోపలికి దయచేశాకే నేను" అంటూ గుంపు చివరికి నడిచారు. అక్కడ డిప్యూటీ నోటీసు బోర్డుకి మొహం అంటించి, పోయినేటి సెలవుల జాబితా దీక్షగా చదువుతున్నాడు. మంత్రిగారు ఆగారు. డిప్యూటీ ఇంకో అడుగు వెనక్కేశాడు. మంత్రిగారు రెండు వేశారు.

చాలాసేపటికి గది ఊడ్చే ఆవిడ చీపురుతో బయటికొచ్చింది.

"లోపలెవరూ లేరు బాబూ. తాళం వేసెయ్యనా?"

ముందుగా ఎవరూ నోరు విప్పలేదు. వేసేసింది.