స్ప్రింగుల్లేని బండి మీద సత్తెమ్మగారు

సుభాష్ రాజోలులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. భార్య జాయ్ తర్వాత అతనికంత ఇష్టమైనది తన మోటారుసైకిలే. ఆ మధ్య ఫోనులో పాతకాలపు బండ్ల బొమ్మలు చూసి ముచ్చటపడి, వెనక చక్రానికున్న స్ప్రింగులు తీయించేసి, వాటి బదులు ఇనప కడ్డీలు బిగించమన్నాడు. "నిజంగానేనాండీ?" అని మెకానిక్ త్రిమూర్తులు ఒకటికి రెండుసార్లు అడిగి మరీ బిగించాడు. పనిలో పనిగా సైలెన్సరు కూడా మార్పించాడు సుభాష్. ఆ రోజు నుంచి జాయ్ బండెక్కడం మానేసింది.

ఆ ఉదయం పని చిన్నదే. జాయ్ తల్లి సత్తెమ్మగారిని సఖినేటిపల్లి రేవులో దింపాలి. ఆవిడ పంటు మీద గోదావరి దాటి, నర్సాపురంలో చిన్నకూతురింటికి వెళ్ళిపోతారు.

"అమ్మని దీనిమీదా? నడుం విరిగిపోద్దండీ!" అంది జాయ్.

"మీ అమ్మగారే చెబుతారు చూడు. ఆవిడ బాగుందంటే, ఇంకెప్పుడూ నువ్వు దీన్ని ఏమీ అనకూడదు."

"బాలేదంటే సాయంత్రానికల్లా స్ప్రింగులు పెట్టించెయ్యాలి."

"అలాగే."

సత్తెమ్మగారు రిటైరైన నర్సు. ఎంతటి మొండి రోగినైనా గదమాయించగలరు గాని, అల్లుడి మాట కాదనడం ఆవిడకు చేతకాదు. బట్టల సంచి వెనక కట్టించి, "ప్రభువా" అనుకుని ఎక్కి కూర్చున్నారు.

ఊరు దాటగానే సుభాష్ పాఠం మొదలుపెట్టాడు. "చూసేరా అత్తయ్యగారూ, బండి ఎంత కిందకుందో! ఎక్కడం తేలిక. బరువూ తక్కువే. వెనకాల పాడైపోడానికి ఏమీ లేదు. రోడ్డు మీద గులకరాయున్నా మనకి తెలిసిపోద్ది."

"ఆయ్, తెలుస్తోందండీ," అన్నారు సత్తెమ్మగారు, ఒక గోతికి గాల్లోకి లేచి, ఇంకో గోతికి సీటు మీద పడుతూ.

మలికిపురంలో కొబ్బరికాయల లారీ అడ్డంగా తిరుగుతుంటే బండి ఆగింది. ఇదే అదనని సత్తెమ్మగారు దిగిపోయి, "అల్లుడుగారూ, నేను ఆటోలో వచ్చేస్తానండీ. మీరు రేవు దగ్గరుండండి," అన్నారు. సైలెన్సరు మోతలో అతనికి ఒక్క ముక్క వినబడలేదు. తను చెబుతున్నదానికి తనే తలూపుకున్నాడు. సరేనన్నాడనుకుని ఆవిడ ఆటో కోసం రోడ్డు దాటారు. మామూలు బండైతే మనిషి దిగగానే వెనక స్ప్రింగు పైకి లేచి సంగతి చెప్పేది. ఈ బండి ఏమీ చెప్పలేదు.

మిగతా దారంతా అతను చెబుతూనే ఉన్నాడు. వెనకనుంచి జవాబు లేకపోతే ఆవిడ ఒప్పుకున్నారని సంతోషించాడు. రేవులో ఆపి, "ఇప్పుడు చెప్పండి, ఎలా ఉంది?" అంటూ వెనక్కి తిరిగాడు.

"బాగానే ఉందండీ, గాలే కొంచెం ఎక్కువగా ఉంది," అన్నాడు అక్కడ టికెట్లిచ్చే మనిషి.

అత్తగారు లేరు. సంచి లేదు. తాడొక్కటే వేలాడుతోంది. సుభాష్ గబగబా ఫోను తీశాడు. ఆవిడ ఫోనుకు చేస్తే మోగలేదు. బండి తిప్పి, కాలవగట్టు మీద కనబడిన ప్రతి మనిషినీ అడుగుతూ వెనక్కి వెళ్ళాడు. "బండి మీంచి పెద్దావిడెవరైనా పడిపోయేరాండీ ఇక్కడ?"

అతను అడిగి ముందుకెళ్ళేసరికే ఆ ప్రశ్న వార్తగా మారి, ఆటోల్లో రెండు వైపులకూ ప్రయాణం చేసింది.

ఒక మలుపు దగ్గర కాలవలో, గుర్రపుడెక్క మధ్య, అత్తగారి సంచి కనబడింది. జాయ్‌కి ఫోన్ చేసి, "మలికిపురం దాటేక... మీ అమ్మగారు... కాలవలో..." అంటూనే ఫోనుతో సహా దూకేశాడు. ఈత రాదన్న సంగతి నీళ్ళలోకి వెళ్ళాక జ్ఞాపకం వచ్చింది. అదృష్టం కొద్దీ లోతు ఛాతీ దాకానే ఉంది.

గట్టు మీద టీ తాగుతున్న గంగబాబు అంతర్వేది వైపు చేపల వేటకెళ్ళే మనిషి. గ్లాసు పారేసి వల తెచ్చాడు. "మీరు పక్కకి రండి మాస్టారూ, నేను చూస్తాను," అంటూ దిగాడు. మొదటి విసురుకు సంచి వచ్చింది. అందులో చీరలు, బైబిలు, నీళ్ళు కారుతున్న ఫోను ఉన్నాయి. సుభాష్ ఆ సంచిని గుండెకు హత్తుకుని, మళ్ళీ డెక్కలో చేతులు పెట్టి వెతకసాగాడు.

అదే సమయానికి సత్తెమ్మగారు రేవు చేరారు. అల్లుడు లేడు. ఎవరో బండితో సహా కాలవలో పడ్డారని చెప్పుకుంటున్నారు. ఆ బండి అల్లుడిదేనని ఆవిడకు ఖాయమైపోయింది. ఏడుస్తూ అదే ఆటోలో వెనక్కి వచ్చి, గుంపులో దూరి, ఒకావిణ్ణి పట్టుకున్నారు.

"ఎవరమ్మా పడింది?"

"ఎవరో పెద్దావిడంటండీ. అల్లుడే తోసేసేడంట."

పడింది మగవాడు కాదని సత్తెమ్మగారి ప్రాణం కుదుటపడింది. వెంటనే ఆ ముసలమ్మ మీద జాలి పుట్టింది. "ఎలాంటి అల్లుడో! మా అల్లుడు బంగారం," అంటూ చెంగుతో కళ్ళు తుడుచుకుని, తెలియని ఆ మనిషి ఆత్మ కోసం గట్టిగా ప్రార్థన అందుకున్నారు.

ఆ గొంతు విని నీళ్ళలోంచి ఒక తల లేచింది. దానిమీద గుర్రపుడెక్క వేళ్ళు వేలాడుతున్నాయి.

"అత్తయ్యగారూ!"

"బాబూ! మీరా తోసేసింది?"

సరిగ్గా అప్పుడే జాయ్ ఇంకో ఆటోలోంచి దూకింది. తల్లి గట్టు మీద పొడిగా ఉంది. మొగుడు కాలవలో తడిసి ఉన్నాడు. మొత్తం కథ విన్నాక, నడుమున చెయ్యి పెట్టుకుని అందరి ముందూ అడిగింది. "ఇప్పుడు చెప్పమ్మా. ఎలా ఉంది ఆ బండి?"

గుంపంతా సత్తెమ్మగారి వైపు చూసింది. ఆవిడ చలికి వణుకుతున్న అల్లుణ్ణి చూశారు.

"ఈత రాపోయినా నాకోసం దూకేసేరమ్మా. బండి బాగానే ఉంది."

జాయ్ పందెం ఓడిపోయింది. సుభాష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదు జాయ్, ఇవాళే స్ప్రింగులు పెట్టించేస్తాను," అన్నాడు.

"ఆగండాగండి!" అన్నాడు గంగబాబు. అంతకుముందే అతను, తనతో టీకొచ్చిన బావమరిదిని ఎక్కించుకుని, ఆ బండి మీదే ఇంటికెళ్ళి మాస్టారికి తువ్వాలు తెచ్చాడు. "దీన్ని నాకిచ్చేసి, నా బండి మీరు తీస్కోండి. పొద్దస్తమానం నా వెనకాలెక్కి తిరిగే మా బామ్మర్ది, ఇవాళ సగం దారిలో దిగిపోయి నడిచొస్తానన్నాడండీ. పెళ్ళయిన కాడ్నించీ ఆడి నోట అలాంటి మాట వినలేదండి."

బళ్ళు మారాయి. ఆ నెలలోనే గంగబాబు బండెక్కే చుట్టాలు మాయమైపోయారు. అతని నడక మాత్రం కొంచెం మారింది.