దొంగకు నిరభ్యంతర పత్రం

మనిషిలో దెబ్బ తగిలేదాకా ఉన్నట్టు తెలియని అవయవం ఒక్కటే: మనోభావం. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గుర్తించిన ఫిల్మ్‌నగర్, ఒక కర్రీ పాయింట్ మేడ మీద మనోభావాల ముందస్తు రక్షణ మండలిని నెలకొల్పింది. (దెబ్బ తగిలాక చూసే మండలి పక్క వీధిలో ఉంది. అక్కడ రద్దీ ఎక్కువ.)

రచయిత్రి భువన అక్కడికి ఒక దొంగను తీసుకెళ్లింది. అతను ఆమె రాసిన పిల్లల నవలలో ఉంటాడు. వెయ్యేళ్లనాటి గుడిలో విగ్రహం మాయమవుతుంది; పద్నాలుగేళ్ల మనోజ్ఞ రాగిరేకు శాసనం చదివి దొంగను పట్టుకుంటుంది. జూబ్లీహిల్స్ నిర్మాత ఒకాయన దాన్ని వెబ్ సిరీస్‌గా తీస్తానన్నాడు. శుక్రవారం ముహూర్తం. మండలి పత్రం రాకపోతే కొబ్బరికాయ కొట్టరు. భువన కోరిక ఒక్కటే: దొంగ మారకూడదు.

గుమాస్తా ఓదెలు ఫారం చూశాడు.

"మేడం, మొదటి గడి ఖాళీ ఉంచిన్రు. దొంగ ఎవరు?"

"చివరి పేజీదాకా చెప్పకూడదండీ. మిస్టరీ కదా."

"మీరు జెప్పకుంటే ఎవరు బాధపడతరో మాకెట్ల ఎరుక?"

భువన గొంతు తగ్గించి చెప్పింది: చరిత్ర ప్రొఫెసర్. ఓదెలు దాన్ని పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డుకు అంటించాడు. నిబంధన ప్రకారం దొంగను మూడు రోజులు బహిరంగంగా ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించాలి. (సస్పెన్స్ దెబ్బతినకుండా నవల పేరు మాత్రం గోప్యంగా ఉంచారు.)

మధ్యాహ్నానికి చరిత్ర అధ్యాపకుల సంఘం వచ్చింది. దొంగను పూజారిగా మార్చారు. అర్చకుల సంఘం రాలేదుగానీ, రావచ్చన్న అనుమానం మీద ఆయన్ని వదిలేశారు. నేరాన్ని పదమూడో శతాబ్దపు రాజు మీదకు నెడితే, వంశస్థులు మోతీనగర్ నుంచి రెండు ఆటోల్లో దిగారు. మొదటి ఆటో ఆయన మంచివాడంది. రెండో ఆటో ఆయన మొదటి ఆటోవాళ్లకు ఏమీ కాడంది. చివరికి మామూలు దొంగనే పెడితే, ప్రతినాయక పాత్రధారుల సంఘం "ప్రతిసారీ మేమేనా?" అని ఏడ్చింది. (గ్లిజరిన్ వాడలేదని ఓదెలు ధ్రువీకరించాడు.)

గురువారం సాయంత్రం మండలి అధ్యక్షుడు అచ్యుతరామయ్య భువనను లోపలికి పిలిచాడు.

"చూడమ్మా, దొంగే వద్దు. విగ్రహం దానంతటదే వెళ్లిపోయిందందాం."

"అంటే దేవుడు అలిగి వెళ్లిపోయాడనా సార్?"

ఆయన ముఖం పాలిపోయింది. "నువ్వా మాట అనలేదు, నేను వినలేదు. ఓదెలూ, తలుపు వెయ్యవయ్యా."

ఓదెలు తలుపు వేసి, నవల చివరి పేజీలు తిరగేశాడు. "సార్, గీ పోరికి సంఘం ఉందా?"

"ఏ పోరి?"

"గదే, దొంగను పట్టిన పిల్ల."

సంఘాల రిజిస్టరు తెచ్చి చూశారు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల పేజీ తెల్లగా ఉంది.

"సార్! ఆ పిల్ల దొంగను పట్టుకుంటుంది!" అంది భువన.

"ఇప్పుడూ పట్టుకుంటుందమ్మా. తనని తాను."

భువన తన లోపల వెతికి చూసుకుంది. అభ్యంతరం స్పష్టంగానే ఉంది. కానీ రాసినవాళ్ల అభ్యంతరానికి ఫారంలో గడి లేదు. నిర్మాత దగ్గర్నుంచి రెండోసారి ఫోను మోగింది. ఆమె సంతకం పెట్టింది.

శుక్రవారం అనుకున్న వేళకే కొబ్బరికాయ కొట్టారు. మండలి పత్రాన్ని పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. అందులో ఇలా ఉంది: "దొంగ: మైనరు బాలిక. అభ్యంతరాలు: లేవు. పిల్లలు తప్పక చూడదగినది."