దొరసాని నోటి తాళం

ఊళ్లో ఎవరి తాళంచెవి పోయినా తాళాలాయన్నే పిలుస్తారు. ఇనప్పెట్టె దగ్గర్నుంచి తుప్పు పట్టిన గేటు దాకా ఆయన చెయ్యి పడితే తెరుచుకోవాల్సిందే. అలాంటివాడికి పిల్లి నోరొక లెక్కా? అందుకే ఆ పొద్దున, అత్తగారి పిల్లికి మాత్ర వేసే పనిని కాఫీకీ స్నానానికీ మధ్య పెట్టుకున్నాడు.

పిల్లి పేరు దొరసాని. అత్తగారు చెల్లెలింటికి వెళ్తూ దాన్నీ, దాని జ్వరాన్నీ, రెండు మాత్రల్నీ ఆయనకు అప్పజెప్పింది. "మధ్యాహ్నానికి వచ్చేస్తాను. ఈలోపు ఒక్క మాత్రైనా పడకపోతే సూది తప్పదన్నాడు డాక్టరు. మీవల్ల అవుతుందా అల్లుడుగారూ?" ఆ చివరి ప్రశ్న ఆయన పెళ్లయిన నాటినుంచీ వింటున్నదే. తన మోకాళ్ల మాత్రల్ని మాత్రం ఆవిడ ఎవరెంత మొత్తుకున్నా ముట్టదు, అది వేరే సంగతి. ఈసారి ఆవిడ నోటితోనే "అయింది" అనిపించుకోవాలని ఆయన పంతం పట్టాడు.

మాత్రను పాలల్లో వేశాడు. దొరసాని పాలు తాగేసి, మాత్రను గిన్నె అడుగున వదిలి, తీరిగ్గా మూతి నాక్కుంది. దాంతో దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పడేసుకున్నాడు.

"నోరు తెరువు. మర్యాదగా చెబుతున్నా, మింగు," అని గదమాయించాడు.

"నావల్ల కాదండీ, రక్తం వస్తోంది, వదిలెయ్యండి," అని పిల్లి కాళ్లు పట్టుకున్న భార్య గోల పెట్టింది.

మాత్ర ఎగిరి సింకు కన్నంలో పడింది. దొరసాని బీరువా ఎక్కింది. తువ్వాలు మాత్రం ఆయన ఒళ్లోనే ఉంది.

గోడ అవతల పక్కింటి రిటైర్డ్ కండక్టరు ఈ మాటలు విన్నాడు. వెంటనే అత్తగారికి ఫోన్ చేశాడు. "అమ్మా, మీ అల్లుడు మీ అమ్మాయి చేత బలవంతంగా ఏదో మింగిస్తున్నాడు. పిల్ల రక్తమంటోంది." ఆవిడ బస్సు కోసం ఆగలేదు, ఆటో ఎక్కింది.

ఇక్కడ తాళాలాయన రెండో మాత్రను వేయించిన చేపముక్కలో కూరి దొరసాని ముందు పెట్టాడు. అది దిగొచ్చి వాసన చూసి మొహం తిప్పుకుంది. "అయితే నీకు లేదు ఫో," అని విసుక్కుని పళ్లెం అల్మరాలో పెట్టి గడియ వేశాడు. దొరసాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చూపు చూసి ఆయన ఆగాడు. మూసిన తలుపు ముందు నిలబడేవాళ్ల చూపు ఆయనకు కొత్త కాదు. స్క్రూడ్రైవరు తీసి, గడియను పంజా తగిలితే జారేంత వదులు చేశాడు.

అప్పుడే అత్తగారు కండక్టరుతో సహా లోపలికొచ్చింది. కూతురి చేతిమీద గీతలు చూసి మండిపడింది. "నా పిల్లకి ఏం మింగించారు?"

"మీ పిల్లకి కాదు, మీ పిల్లికి. ఒక్క నిమిషం అటు చూడకండి అత్తయ్యగారూ. మనం చూడనట్టుంటేనే పని జరుగుతుంది."

ఆ మాటతో అందరూ ఓరకంట చూశారు. గడియ జారింది, తలుపు తెరుచుకుంది. దొంగ తొందరలో దొరసాని చేపముక్కను నమలకుండానే గుటుక్కున మింగేసింది. తాళాలాయన పళ్లెం తెచ్చి అత్తగారికి చూపించాడు. మాత్ర కాదు కదా, పొడి కూడా లేదు.

ఆవిడ పళ్లెం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయింది," అంది చివరికి. తాళాలాయనకు గాల్లో తేలినట్టయింది. అమ్మాయి చేతి గీతలకు దూది తెస్తానని కండక్టరు మెల్లగా జారుకున్నాడు.

ఆ సాయంత్రం తాళాలాయన అత్తగారి మోకాళ్ల మాత్రల్ని కూడా అదే అల్మరాలో పెట్టి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పి, గడియ వదులుగా వేసి వచ్చాడు.